రాతిగోడ మీద పళ్ళెం

సొరంగం దాటగానే గాలి మారిపోతుంది. కిటికీ పక్కన కూర్చున్నారు కదా, మొహానికే తెలుస్తుంది. ఇంతసేపూ ఎడమచేతి వైపు కొండ తడిసి నల్లగా, పగులు పగులుకీ పచ్చదనంతో మన వెంటే వచ్చింది. కుడివైపు ఎంతో లోతున అట్లాంటిక్ సముద్రం తెల్లగా విరిగిపడుతూ వచ్చింది. ఈ కొండచరియను ఎల్ ఫ్రయ్లె అంటారు. గాలివానలప్పుడు పైనుంచి రాళ్ళు దొర్లుతాయని దారి మూసేస్తారు. ఇవాళ తెరిచే ఉంది. తడి కొండ పక్కన చీకట్లోకి దూరిన బస్సు, ఎండిన కొండ పక్కన వెలుగులోకి వచ్చింది. కిలోమీటర్ల ప్రయాణం కాదు, ఒక్క సొరంగమే తేడా.

దిగండి. ఇది పుంత దె తేనో. కేనరీ దీవుల్లో పెద్దదైన తెనెరీఫేకి వాయవ్యపు కొస. ఫిబ్రవరి నెల, పొద్దున తొమ్మిది కావస్తోంది. ఎండ ఇంకా కొండ వెనకే ఉంది. ముందు సముద్రం, కొసన ఎర్ర, తెల్ల పట్టీల దీపస్తంభం. ఎడమవైపు తిరిగితే లోస్ హిగాంతెస్ చరియలు, కొన్నిచోట్ల 600 మీటర్ల ఎత్తున నీళ్ళలోంచి నిటారుగా లేచి ఉన్నాయి. దూరంగా మబ్బు టోపీ పెట్టుకొని ల గోమేర దీవి కనిపిస్తోంది.

కాళ్ళ కింద చూడండి. మట్టి కాదు, లావా. నల్లగా, గరుకుగా, పులిపిర్లు లేచినట్టు ఉంటుంది. చెప్పు అరిగిపోయే రాయి. స్పానిష్‌లో ఇలాంటి నేలను మల్పాయిస్ అంటారు, చెడ్డ నేల అని. దున్నడానికి రాదు, నడవడానికి రాదు, నీరు నిలవదు. ఆ పేరు పెట్టినవాడు రైతో, బరువు మోసుకెళ్ళే మనిషో అయ్యుంటాడు, అతని కష్టం అతనిది. కానీ మొక్కల వైపు నుంచి చూస్తే ఆ పేరు తప్పు. ఈ చెడ్డ నేల మీద ఎంత దట్టంగా బతుకుందో ఇప్పుడు మీరే చూస్తారు.

ముందుగా కంటికి తగిలేది కార్డోన్. ఒకే పాదు నుంచి పక్కపక్కనే లేచిన వందలాది పచ్చని గుంజలు. మనిషికి రెట్టింపు ఎత్తు, ఒక చిన్న ఇంటి వెడల్పు. ఒక్కో గుంజకీ నాలుగో ఐదో పలకలు, పలక అంచున జంటజంటగా పొట్టి ముళ్ళు. చూడగానే కాక్టస్ అనబోతారు. కాదు. కాక్టస్‌లు అమెరికా సంతతి. ఇది యూఫోర్బియా, మన పొలంగట్ల మీద కంచెగా పెరిగే బొమ్మజెముడికి దగ్గరి చుట్టం. కొమ్మ విరిస్తే పాలు కారేవి జెముళ్ళని మన పల్లెల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇదీ అంతే. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం, చెయ్యి పెట్టకండి. స్పెయిన్‌వాళ్ళు రాకముందు ఇక్కడ బతికిన గ్వాంచెలు ఈ పాలను తీరంలోని నీటిగుంటల్లో కలిపి, మత్తెక్కి తేలిన చేపల్ని పట్టుకునేవారు.

ఇప్పుడు వంగి గుంజల మధ్యలోకి చూడండి. అక్కడ వేరే మొక్కలున్నాయి. ఒక సన్నని తీగ, ఒక ముళ్ళకంప, పేరు తెలియని రెండు మూడు పసిమొక్కలు. మేక మూతి అందని చోటు అది. కార్డోన్ తన ముళ్ళతో, విషప్పాలతో కాపాడుకున్న స్థలంలో మిగతావి తలదాచుకుంటాయి. ఏదో కదిలింది చూశారా? నల్లటి తొండలాంటిది, దవడ మీద నీలం మచ్చ. ఈ దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేని బల్లిజాతి. తీగకి కాసిన పండ్లు తిని, గింజలు ఇంకో కార్డోన్ పాదులో వదిలేస్తుంది. ఒక జెముడు పాదు అంటే ఒక్క మొక్క కాదు, చిన్న ఊరు.

గాలికి ఎదురుగా నాలుగడుగులు వేద్దాం. ఇక్కడి నుంచి అన్నీ పొట్టివే. బూడిదరంగు మొద్దులతో, ఎవరో కత్తెర పట్టి గొడుగులా కత్తిరించినట్టున్నవి తబాయ్బాలు. కత్తిరించింది గాలే. ప్రతి కొమ్మ కొసనా సన్నని ఆకుల గుత్తి, దాని నడుమ ఒకే ఒక్క పసుపుపచ్చని పువ్వు. ఇదీ జెముడు కుటుంబమే, కానీ దీని పాలు సాధువు. చిక్కబరిచి నమిలేవాళ్ళట, చిగుళ్ళకి మంచిదని. ఎండాకాలం వస్తే ఈ ఆకులన్నీ రాల్చేసుకొని, చచ్చినదానిలా నిలబడుతుంది. పక్కన సాసేజ్ ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికించినట్టున్న కాడల మొక్క వెరోదే, చామంతి కుటుంబానిది. చామంతి ఇలా లావెక్కి నీళ్ళు దాచుకోవడం చూస్తే నాకు ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది.

ఇదిగో, ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చోండి. ఎండుపుల్లల కట్టలా ఉన్న దీన్ని దాటేసి వెళ్ళిపోయేవారే. కొవ్వొత్తుల్లాంటి కాడలు, కణుపు కణుపుకీ సన్నని గీత. ఒక కణుపు దగ్గర నాలుగు పసుపు పువ్వులు. పువ్వు మీ చిటికెనవేలి కొసంత ఉంటుంది. కింద సన్నని గొట్టం, పైన ఐదు రేకులు విడిపోయి, మళ్ళీ కొసల దగ్గర కలుసుకుంటాయి. చిన్న లాంతరు. ఆ కిటికీల్లోంచి చాలా చిన్న ఈగ లోపలికి జారుతుంది. గొట్టంలో వెంట్రుకలన్నీ కిందికి వంగి ఉంటాయి కాబట్టి వెంటనే బయటికి రాలేదు. పువ్వు వాడేదాకా లోపలే తిరిగి, పుప్పొడి అంటించుకొని పోతుంది. ఇది సెరోపీజియా. ఈ పేరు మన నేలకి కొత్త కాదు. 1795లో అచ్చయిన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో విలియం రాక్స్‌బర్గ్ సెరోపీజియాలకి బొమ్మలు వేయించాడు. తెలుగుదేశపు తుప్పల్లో తీగలుగా పాకేవి, ఈ రాళ్ళ మీద పుల్లలై నిలబడ్డాయి.

ఎండ వచ్చేసింది. ఒక్కసారిగా రాయి వేడెక్కుతుంది. ఈ మొక్కల్లో కొన్ని ఇప్పుడు ఏం చేస్తున్నాయో చెప్పనా? ఊపిరి బిగబట్టుకొని ఉన్నాయి.

ఆకుకైనా కాడకైనా ఒంటినిండా కంటికి కనపడని నోళ్ళుంటాయి, పత్రరంధ్రాలు. అవి తెరిస్తేనే బొగ్గుపులుసు వాయువు లోపలికి వచ్చి మొక్కకి తిండి తయారవుతుంది. కానీ తెరిచాయంటే లోపలి తడి ఆవిరై పోతుంది. ఎండలో, ఈ గాలిలో, మట్టి లేని రాతి మీద నోరు తెరిస్తే ఇంక మిగిలేదేముంది? అందుకని కార్డోన్ లాంటివి పగలంతా నోళ్ళు మూసుకొని, చల్లబడ్డ రాత్రివేళ తెరుస్తాయి. అప్పుడు తీసుకున్న వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లో దాచుకుంటాయి. తెల్లవారి ఎండ రాగానే నోళ్ళు మూసేసి, దాచుకున్న పులుపును కరిగించి తిండి వండుకుంటాయి.

పులుపు అన్నాను కదా, అది నిజంగా నాలుకకి తెలిసే పులుపే. దాన్ని రాసిపెట్టినవాడు మన గోదావరి జిల్లాతో సంబంధం ఉన్నవాడు. రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్ళిపోయాక, సామర్లకోటలో కంపెనీవాళ్ళ మొక్కల తోటను చూసుకున్నవాడు బెంజమిన్ హేన్. ఆయన పెరట్లో పెరిగే రణపాల ఆకును నమిలి చూశాడు. పొద్దున పుల్లగా ఉంది. మధ్యాహ్నానికి రుచి లేకుండా పోయింది. సాయంత్రానికి కాస్త చేదెక్కింది. అదే ఉత్తరంగా రాస్తే, 1815లో లండన్ లిన్నేయన్ సొసైటీ వాళ్ళు అచ్చువేశారు. ఆ ఆకులోపల జరిగేదంతా అర్థం కావడానికి ఇంకా నూరేళ్ళకు పైనే పట్టింది. రణపాల కుటుంబం పేరు క్రాసులేసీ. ఆ పేరు మీదే ఈ రాత్రి ఊపిరికి క్రాసులేసియన్ అని ముద్ర పడింది. సాయంత్రం మనం చూడబోయే ఎయోనియంలు ఆ కుటుంబానివే. ఇంట్లో రణపాల కుండీ ఉంటే, రేపు లేవగానే ఒక ముక్క, పొద్దుగూకే వేళ ఒక ముక్క నోట్లో వేసుకొని చూడండి.

నేనిక్కడికి రావడానికి ఒక కారణముంది. కొన్నేళ్ళ కిందట బెంగుళూరు నుంచి ఒక ఎయోనియం తెప్పించుకున్నాను. పళ్ళెంలా బల్లపరుపుగా ఉండే రకం, తబులిఫార్మె. కుండీలో పెట్టి, బాల్కనీలో ఎదురుగా ఉంచుకొని, రోజూ చూసుకునేదాన్ని. ఏప్రిల్ దాకా చక్కగా ఉంది. మే నెలలో ఆకులు ముడుచుకుంటున్నట్టు అనిపించింది. దాహమేస్తోందనుకొని పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాను. పదిరోజుల్లో నడిమధ్య నల్లబడింది, చేత్తో ముట్టుకుంటే మొత్తం ఊడి వచ్చింది. దానికి దాహం కాదు, నిద్ర. ఈ దీవుల్లో వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలం ఎండుతుంది. అందుకని ఎయోనియంలు చలిలో పెరిగి వేసవిలో ముడుచుకొని పడుకుంటాయి. మనకి వాన కురిసే నెలలు దానికి పస్తుండే నెలలు. ఆ సంగతి పుస్తకంలో తరవాత చదివాను. అయినా అది ఉండే చోట దాన్ని చూస్తే తప్ప నా మనసు కుదుటపడదనిపించింది.

బస్సు వచ్చింది, వెనక్కి పోదాం. మళ్ళీ సొరంగం, మళ్ళీ తడి కొండ. బ్వేనవీస్తాలో బస్సు మారి లోస్ సీలోస్‌లో దిగితే, ఊరి చివరి అరటితోటల వెనక నుంచే లోయ మొదలవుతుంది. ఇక్కడివాళ్ళు లోయను బర్రాంకో అంటారు. వాన పడ్డప్పుడు మాత్రమే పారే వాగు, లక్షల ఏళ్ళుగా లావా పొరల్ని కోసుకుంటూ పోయిన దారి. తేనో కొండల వయసు 50 లక్షల ఏళ్ళకు పైనే. ఏ ఖండం నుంచీ విడిపోయిన ముక్క కాదు ఇది, సముద్రం అడుగున కక్కిన లావా పేరుకొని పైకి లేచింది. కాబట్టి మనిషి తెచ్చినవి తప్ప, ఇక్కడున్న ప్రతి మొక్క తాతముత్తాతలూ గాలి మీదో, కెరటం మీదో, పిట్ట కడుపులోనో వచ్చినవారే. ఆఫ్రికా తీరం ఈ దీవుల్లో తూర్పున ఉన్నదానికి 100 కిలోమీటర్ల దూరం.

ఎయోనియం గింజ ధూళిరేణువంత. ఆ ధూళి వచ్చి వాలాక ఏమైందో చూడాలంటే ఈ లోయలో ఒక్క గంట నడిస్తే చాలు. మొత్తం జాతులు సుమారు 35, ఎక్కువ భాగం ఈ దీవులవే. ఎండ తగిలే బండ మీద గుబురుగా, నీలిబూడిద ఆకులతో పెరిగింది హవర్తియై, తేనో కొండలు దాటి ఇంకెక్కడా సహజంగా పెరగదు. నీడలో ముఖమల్లాంటి అరచేతి వెడల్పు ఆకులతో కూర్చున్నది కెనరియెన్సె, నిమిరితే సన్నని సువాసన. లగూనా పట్నంలో పాత ఇళ్ళ పెంకుల మీద మొలిచి, ఆకాశంలోకి పూలగుత్తి ఎత్తేది ఉర్బికుం, ఊరివాడు అని దాని పేరుకి అర్థం. దీవి రెండో కొసన, అనాగా కొండల వైపు, జిగురు ఆకుల లిండ్లెయ్ అనే రకముంది. దాని రసాన్ని జెముడు పాలకి విరుగుడుగా వాడతారు. ఒక కొండ విషం ఇస్తే ఒక కొండ మందు ఇచ్చింది. ఎండకీ నీడకీ, తీరానికీ మంచుకీ, ఎక్కడికక్కడ ఒక రూపం. రాత్రి ఊపిరి కూడా అన్నింటిదీ ఒకే స్థాయిలో ఉండదు. పొడిచోట్ల బతికేవి గట్టిగా చేస్తాయి, తడిచోట్లవి కొంచెమే. ఎంత అవసరమో అంతే.

దారి ఇరుకవుతోంది. పైనుంచి చల్లగా దిగుతోంది చూడండి, మంచు. ఈశాన్యం నుంచి వీచే అలీసియోస్ గాలులు సముద్రపు తడిని మోసుకొచ్చి కొండకి గుద్దుకొని, సగం ఎత్తులో మబ్బుల సముద్రంగా నిలుస్తాయి. ఆ పైన లారెల్ అడవి ఆకులు మంచును పట్టి బొట్లుబొట్లుగా కిందికి వదులుతాయి. ఆ నీరే రాతి పగుళ్ళలో ఊరుతూ ఇక్కడిదాకా వస్తుంది. పొద్దున మనం నిలబడ్డ చోటుకి ఈ మబ్బు చేరదు, కొండ అడ్డం. సొరంగం దగ్గర మీ మొహానికి తెలిసిన తేడా ఇదే.

తల ఎత్తండి.

గోడ. ఇరవై ముప్ఫై అడుగుల నల్లరాతి గోడ, నిట్టనిలువు. దాని మీద పళ్ళేలు. ఎవరో పెళ్ళివారింటి పళ్ళేలన్నీ కడిగి గోడకి అంటించి ఆరబెట్టినట్టు. కొన్ని రూపాయిబిళ్ళంత, కొన్ని అన్నం తినే కంచమంత. ఒక్కదానికీ కాడ కనపడదు, రాయిలోంచే పూసినట్టుంటుంది. దగ్గరికి రండి, ఇది మీ కంటి ఎత్తులో ఉంది. ముట్టుకోకుండా చూడండి. లేతాకుపచ్చ ఆకులు, నూటికి పైనే, పెంకుల్లా ఒకదాని మీద ఒకటి. మధ్యలో ఆకులు బియ్యపుగింజంత, బయటికొచ్చేకొద్దీ పెద్దవి. నడుమ నుంచి అంచుకి సుళ్ళు తిరుగుతూ వరసలు. మీ కన్ను ఒక వరస పట్టుకుని వెళితే అది ఇంకో వరసలో కలిసిపోతుంది. ఆకుల మధ్య సూది దూరేంత సందు లేదు. ఇప్పుడు అంచు చూడండి. ప్రతి ఆకు అంచునా తెల్లని సన్నని వెంట్రుకలు, కంటిరెప్పల్లా. ఒక్కో వెంట్రుక కొసనా ఆవగింజలో పదోవంతు మంచుబిందువు.

ఇది నిలువుగా ఉంది. నేను కుండీలో బల్లపరుపుగా పెట్టాను. అన్ని ఫొటోల్లోనూ పైనుంచి తీసి బల్లపరుపుగానే చూపిస్తారు, అదే దాని సహజరూపం అనుకున్నాను. ఇక్కడ వాన పడితే ఆకు మీంచి ఆకు మీదికి జారి కిందికి పోతుంది, నడిమధ్య చుక్క నిలవదు. కుండీలో నేను పోసిన నీళ్ళన్నీ దాని గుండెలో నిలిచాయి. ఇంత పొడుగు దారి నడిచొచ్చి, ఈ గోడ ముందు నిలబడి, నాకు మొదట అర్థమైంది ఇదే. చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

అటు పక్కన నల్లగా ఎండిన పొడుగాటి కంకి వేలాడుతోంది, చూశారా? కిందటి వేసవిలో పూసినది. కొన్నేళ్ళు పళ్ళెంగా బతికి, ఒక ఏడాది ఆ పళ్ళెం నడుమ ఉబ్బి, శంకువులా లేచి, పసుపు పూలు వందలకొద్దీ పూస్తుంది. దాచుకున్న నీళ్ళూ తిండీ అంతా ఆ పూలకే పెట్టేసి చనిపోతుంది. ఒక్కసారే పూత. పిలకలు కూడా మామూలుగా వెయ్యదు. ఆ కంకి కింద గోడ పగులులో చూడండి. ఆకుపచ్చ చుక్కలు, పదో పన్నెండో. పిల్లలు. కొన్నింటి పక్కన వాటికంటే చిన్నవి, మొత్తం మొక్క గోరంతే ఉన్నవి, మొనాంతెస్ అనే వేరే చుట్టాలు. పెసరగింజల్లాంటి ఆకులు, దూదిపోగంత పూకాడ. పెరిగి పెద్దయినా అంతే ఉంటాయి.

ఈ గోడ ఇలా నిండడానికి ఎన్నాళ్ళు పట్టిందో ఊహించాలంటే పక్కూరికి వెళ్ళాలి. గరచీకోలో 1706లో కొండ పగిలి లావా ఊరి మీదుగా పారి, రేవును పూడ్చేసింది. మూడు వందల ఏళ్ళు దాటినా ఆ రాతి మీద ఇంకా చాలాచోట్ల బూడిదరంగు లైకెన్లదే రాజ్యం. అవి రాతిని కొరికి, దుమ్ము పట్టి, పగులులో చిటికెడు మట్టి చేస్తే అప్పుడు ఒక ఎయోనియం గింజకి చోటు. ల పాల్మ దీవిలో 2021 సెప్టెంబరు 19న మొదలై 85 రోజులు పారిన లావా 1200 హెక్టార్లకు పైగా కప్పేసింది. అక్కడ లెక్క మొదటి నుంచి మొదలైంది. అందుకే ఈ గోడ మీది పళ్ళెం ఒక్కటి ఊడబెరికి సంచిలో వేసుకునేవాళ్ళని చూస్తే నాకు కోపం ఆగదు. నర్సరీలో గింజ వేసి పెంచినవి దొరుకుతాయి, కొనుక్కోవచ్చు. పగులు మాత్రం ఖాళీ అయిపోతే ఆ ఖాళీలో అమెరికా నుంచి వచ్చిన నాగజెముడో, ఆఫ్రికా గడ్డిమొక్కో చేరుతుంది.

వెలుతురు తగ్గింది. మంచు ఇప్పుడు మన మధ్యకే వచ్చేసింది, మీ భుజం మీద ఉన్ని దారాలకి కూడా బొట్లు పట్టాయి. కింద లోస్ సీలోస్‌లో దీపాలు వెలుగుతున్నాయి. ఎక్కడో కుక్క మొరిగింది. టార్చి వెయ్యకండి, కాసేపు ఆగండి, కళ్ళు అలవాటుపడితే పళ్ళేలు చీకట్లో కూడా తెల్లగా లీలగా కనపడతాయి.

కొండకి అవతల, పుంత దె తేనోలో, ఈపాటికి దీపస్తంభం తిరుగుతూ ఉంటుంది. పొద్దున మనం తొంగిచూసిన కార్డోన్ పాదు మీంచి ఆ వెలుగు ఒకసారి పోయి, చీకటయి, మళ్ళీ వస్తుంది. రాయి చల్లబడింది. గుంజల ఒంటి నిండా నోళ్ళు ఒక్కటొక్కటే తెరుచుకుంటున్నాయి. ఇక్కడ, మీ కంటి ఎత్తున, ఒక రెప్ప కొసన బొట్టు లావెక్కి, వణికి, కింది పళ్ళెం మీదికి జారింది. అక్కడ ఒక్క క్షణం కూడా నిలవలేదు. ఆ పళ్ళెం అంచు దాటి ఇంకోదాని మీదికి, అక్కణ్ణించి కింద పగులులో ఉన్న పిల్లల మీదికి.